దసరా సెలవులకు పిల్లలకు డార్టు గన్ కొనాలి, ఏది మంచిది?

నయీంనగర్ మేనత్త, హన్మకొండ

అందరికీ నమస్తే. దసరా సెలవులకు మా అన్నయ్య పిల్లలు, మా ఆడబిడ్డ కొడుకు మా ఇంటికి వస్తున్నారు. అన్నయ్య కొడుకుకు 11 ఏళ్ళు, కూతురికి 8. ఆడబిడ్డ కొడుకు ఐదేళ్ళ వాడు. వీళ్ళు కాక మా బాబు ఉన్నాడు. ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు, కింద ఏది కనబడితే అది నోట్లో పెట్టుకుంటాడు.

పండక్కి ఏం తేవాలని ఫోన్లో అడిగితే పెద్ద పిల్లలిద్దరిదీ ఒకటే మాట, నెర్ఫ్ గన్ కావాలట. మెత్తటి నురుగు డార్టులు కొట్టే బొమ్మ తుపాకీ అది. చౌరస్తా దగ్గర కొన్ని దుకాణాలు తిరిగి చూశాను. ఒక డబ్బా మీద 20 మీటర్లు పోతుందని, ఇంకో డబ్బా మీద 27 మీటర్లు పోతుందని రాసి ఉంది. కంపెనీ పేరు కూడా లేని డబ్బాలు సగం ధరకే ఇస్తామంటున్నారు. ముగ్గురికీ కలిపి మూడు వేల లోపు అయితే బాగుంటుంది.

సెలవులన్నీ ఫోన్లు పట్టుకొని మూలకు కూర్చోకుండా ఉరికి ఆడుకుంటారు కదా అని నాకూ కొనివ్వాలనే ఉంది. కంటికి తగిలితే ఎట్లా అని మాత్రం టెన్షన్ పట్టుకుంది. మీ పిల్లలకు కొని ఉంటే చెప్పండి, ఏది తీసుకున్నారు, ఎట్లా పనిచేసింది?

కాజీపేట నాన్న, కాజీపేట

అక్కా, మా ఇద్దరు పిల్లలు చాలా రకాలు వాడారు. ముందు ఒక మాట చెబుతాను. పెద్దది ఒకటి కొనకండి, చిన్నవి రెండు కొనండి. ఇంట్లో ఒకటే ఉంటే ఒకరు కొట్టడం, ఇంకొకరు డార్టులు ఏరుకొని రావడం, పది నిమిషాల్లో ఏడుపు. అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఒకే మోడల్ ఇస్తే ఏ గొడవా ఉండదు.

వీటిలో రెండు తరహాలు ఉంటాయి. ఒకటి స్ప్రింగుది. వెనక పిడి లాగితే స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు వచ్చి గాలిని తోస్తుంది, సైకిల్ పంపు లాగే. ఆ గాలి దెబ్బకు డార్టు బయటికి పోతుంది. రెండోది మోటారుది. లోపల రెండు చక్రాలు గిర్రున తిరుగుతుంటాయి, డార్టు వాటి మధ్యకు రాగానే పట్టి విసిరేస్తాయి. పిల్లల చూపు ఎప్పుడూ మోటారు దాని మీదే ఉంటుంది. నేను మాత్రం మొదటి గన్ స్ప్రింగుదే కావాలంటాను. బ్యాటరీ ఖర్చు లేదు. ప్రతి డార్టుకూ ఒకసారి లాగాలి కాబట్టి ఒక్క క్షణం ఆగుతారు, గురి చూస్తారు. మోటారుది చేతికిస్తే ఆగడం ఉండదు, చూస్తుండగానే డార్టులన్నీ బీరువా కింద, మంచం కింద.

మీ పెద్ద పిల్లలిద్దరికీ నెర్ఫ్ ఎలీట్ 2.0 కమాండర్ సరిపోతుంది. ఆరు డార్టులు పట్టే తిరిగే డ్రమ్ము, డబ్బాలో 12 డార్టులు వస్తాయి. కంపెనీ వాళ్ళే 8 ఏళ్ళు దాటినవాళ్ళకు అని రాస్తారు. డార్టులు నింపే మ్యాగజైన్ పెట్టె విడిగా ఊడి వచ్చేది కాదు కాబట్టి అది పోయిందని వెతికే బాధ లేదు.

దుకాణంలో ఒక పని చేయండి. పాపను తీసుకుపోయి ఆ పిడిని తనతోనే లాగించండి. ఎనిమిదేళ్ళ పిల్ల చేతికి కొన్ని మోడళ్ళు చాలా బిగువుగా ఉంటాయి. లాగలేకపోతే గన్‌ను పొట్టకు ఆనించుకొని, మూతి తన వైపు తిప్పుకొని లాగుతుంది. అప్పుడే చేయి జారి ట్రిగ్గర్ నొక్కుకునేది.

మంచిర్యాల మేనమామ, మంచిర్యాల

కాజీపేట అన్న చెప్పిన దానికి ఇంకొకటి కలుపుతాను. నెర్ఫ్ ఒక్కటే కాదు, జురు కంపెనీ ఎక్స్-షాట్ కూడా చూడండి. మామూలు ఎక్స్-షాట్ డార్టులు, నెర్ఫ్ ఎలీట్ డార్టులు ఒకే సైజు. ఒకదానివి ఇంకోదాంట్లో పడతాయి. మా అక్క పిల్లల్లో ఒకడికి అది, ఒకడికి ఇది ఉన్నా డార్టుల సంచి ఒక్కటే.

కొనేముందు గన్ కన్నా ఎక్కువగా చూడాల్సింది డార్టు సైజునే. ఎలీట్ డార్టు సుమారు 7 సెంటీమీటర్ల పొడవు, ఒకటింపావు సెంటీమీటర్ లావు ఉంటుంది. విడి ప్యాకెట్లు అన్నిచోట్లా దొరికేది ఈ సైజులోనే. మెగా అని రాసి ఉంటే డార్టు ఇంకా లావు. అల్ట్రా గన్నుల్లో అల్ట్రా డార్టులే పడతాయి, వేరేవి పనికిరావు. 2024లో వచ్చిన ఎన్-సిరీస్‌కు ఎన్1 అని మళ్ళీ వేరే డార్టు. ప్రో అని వచ్చే వాటిలో సగం పొడవు డార్టులు. ఇవేవీ చెడ్డవి కావు. కానీ మన మంచిర్యాలలోనో, పెద్దపల్లిలోనో డార్టులు పోగొట్టుకున్న పిల్లగాడికి అవి ఎక్కడినుంచి తెస్తాం? డార్టులు అయిపోయిన రోజే ఆ బొమ్మ అటక ఎక్కుతుంది.

రైవల్ అనేవి మాత్రం ముట్టుకోకండి. వాటిలో డార్టులు ఉండవు, నురుగు బంతులు ఉంటాయి. సెకనుకు 30 మీటర్ల దాకా వేగం. అవి 14 ఏళ్ళు దాటినవాళ్ళ కోసం చేసినవి. ఆన్‌లైన్లో ఆఫర్ ధర చూసి చాలామంది చిన్న పిల్లలకు ఇవే ఇస్తున్నారు, నాకు అది చూస్తే భయమేస్తుంది.

ఫిజిక్స్ సార్, జగిత్యాల

మేడమ్, డబ్బా మీద మీటర్లు చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. చిన్న లెక్క చెబుతాను.

ఎలీట్ తరహా డార్టు బరువు ఒక గ్రాము. అది బయటికి వచ్చే వేగం సెకనుకు 20 మీటర్లు అనుకుందాం. ఎనిమిదేళ్ళ పాప భుజం నేల నుంచి ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. గన్ తిన్నగా పట్టుకొని కొడితే, ఆ మీటరు ఎత్తు నుంచి డార్టు నేలకు చేరడానికి అర సెకను కూడా పట్టదు. ఆలోపు గాలి అడ్డే లేదనుకున్నా తొమ్మిది మీటర్లు పోతుంది. నురుగు డార్టుకు గాలి అడ్డు బాగా ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. 27 మీటర్లు పోవాలంటే గన్ మూతిని ఆకాశం వైపు ఎత్తి కొట్టాలి. అట్లా కొడితే దూరం వస్తుంది కానీ గురి ఉండదు.

మన ఇళ్ళల్లో హాలు పొడవు ఐదారు మీటర్లు. అంత దూరానికి ఏ మోడలైనా సరిపోతుంది. ఐదు మీటర్లు పోయేసరికి డార్టు 30 సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. కాబట్టి గురికి జానెడున్నర పైన చూసి కొట్టమని పిల్లలకు చెప్పండి. రెండు మూడు రోజుల్లో వాళ్ళంతట వాళ్ళే దూరానికి తగ్గట్టు చేయి ఎత్తడం నేర్చుకుంటారు. తొమ్మిదో తరగతిలో మేం చెప్పే పాఠం వాళ్ళ చేతికి ముందే వస్తుంది. నాకు ఈ బొమ్మలో బాగా నచ్చేది అదే.

కంటి దవాఖాన అక్క, వరంగల్

నేను కంటి దవాఖానలో పనిచేస్తాను. కళ్ళ గురించి వివరంగా చెబుతాను, దయచేసి అందరూ చదవండి.

ఒక గ్రాము నురుగు డార్టు చేతికో, వీపుకో తగిలితే ఏమీ కాదు. కన్ను సంగతి వేరు. 2017లో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి డాక్టర్లు ముగ్గురి గురించి బీఎంజే కేస్ రిపోర్ట్స్ పత్రికలో రాశారు. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరు 11 ఏళ్ళ పిల్లవాడు. ముగ్గురికీ ఇలాంటి డార్టే కంటికి తగిలి, నల్లగుడ్డు ముందు భాగంలో లోపల రక్తం చేరింది. దాన్ని హైఫీమా అంటారు. నొప్పి, చూపు మసకబారడం ఉంటాయి. వాళ్ళకు చికిత్సతో తగ్గింది. కానీ బొమ్మే కదా, నురుగే కదా అనుకోవడానికి లేదని ఆ డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఆడేటప్పుడు కళ్ళకు రక్షణ పెట్టుకోవాలన్నారు.

చూపు కోసం పెట్టుకునే మామూలు కళ్ళజోడు రక్షణ కాదు. పాలీకార్బొనేట్ సేఫ్టీ గ్లాసులు కావాలి. వెల్డింగ్, కార్పెంటర్ పనివాళ్ళ కోసం హార్డ్‌వేర్ దుకాణాల్లో తెల్లగా పారదర్శకంగా ఉండేవి దొరుకుతాయి, ధర పెద్దగా ఉండదు. అయితే అవి పెద్దవాళ్ళ సైజు. పిల్లల ముఖానికి పెట్టి చూసి, పక్కలనుంచి సందు లేకుండా ఉంటేనే తీసుకోండి. వెనక ఎలాస్టిక్ పట్టీ ఉన్నది ఇంకా మంచిది, ఉరికినా జారదు. గన్ ఎన్ని కొంటే గ్లాసులు అంతకన్నా ఒకటి ఎక్కువ కొనండి. మధ్యలో ఆటలోకి వచ్చే పక్కింటి పిల్లలు ఉంటారు కదా.

ఒకవేళ కంటికి తగిలితే రుద్దనివ్వొద్దు, నొక్కొద్దు. నూనె చుక్కలు, తల్లిపాలు పోయడం అసలే వద్దు. ఆస్పిరిన్ ఇవ్వొద్దు. తల ఎత్తుగా ఉండేట్టు కూర్చోబెట్టి అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. వరంగల్‌లో ప్రాంతీయ ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉండనే ఉంది. సాయంత్రానికి నొప్పి తగ్గింది కదా అని ఊరుకోవద్దు. లోపల రక్తం చేరితే మొదటి కొద్ది రోజుల్లో మళ్ళీ కారవచ్చు, కంటి ఒత్తిడి పెరగవచ్చు. అది ఇంట్లో చూస్తే తెలియదు.

ఇంకొకటి. జాతర దుకాణాల్లో 6 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ గుండ్లు పెట్టి కొట్టే నల్ల తుపాకులు అమ్ముతారు. నురుగు డార్టు గన్నును, దాన్ని ఒకే గాటన కట్టకండి. నురుగు కొంత నలుగుతుంది, దెబ్బ కొంతైనా తగ్గుతుంది. గట్టి గుండు నలగదు, సైజు కూడా కంటి గుంతలోకి నేరుగా పోయేంత చిన్నది. ఆ తుపాకీ పిల్లల చేతికి ఏ వయసులోనూ ఇవ్వకండి.

నయీంనగర్ మేనత్త, హన్మకొండ

అక్కా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థ్యాంక్స్. గ్లాసులు లేకుండా గన్ లేదని ఇప్పుడే అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పాను. మరి సగం ధర డబ్బాల సంగతేంటి? చూడ్డానికి అచ్చం అట్లాగే ఉన్నాయి.

బొమ్మల దుకాణం, కరీంనగర్

నేను బొమ్మలు అమ్మేవాణ్ణి, కాబట్టి ఈ ప్రశ్నకు నేనే జవాబు చెప్పాలి.

మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 2020లో ఆర్డర్ తెచ్చారు, 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ తయారైనా, బయటినుంచి వచ్చినా ఒకటే రూలు. బొమ్మల యాంత్రిక భద్రతకు ఐఎస్ 9873 అనే ప్రమాణం మొదటి భాగం వర్తిస్తుంది. డార్టులు, బాణాలు లాంటివి విసిరే బొమ్మలకు కూడా నియమాలు అందులోనే ఉన్నాయి. మోటారు, బ్యాటరీ ఉంటే ఐఎస్ 15644 కూడా చూడాలి.

డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు ఒక్కటే చూసి ఆగకండి, ఆ గుర్తు ఎవరైనా అచ్చు వేసుకోగలరు. దాని కింద సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ళదే బీఐఎస్ కేర్ అని యాప్ ఉంది, అది ఫోన్లో వేసుకొని ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, ఏ వస్తువుకో, ఇంకా నడుస్తోందో లేదో చూపిస్తుంది. దుకాణంలో నిలబడే చూడొచ్చు. చూస్తామంటే మంచి దుకాణదారు ఎవరూ కోపగించుకోరు. నేనైతే నా కౌంటర్ దగ్గర నేనే చూపిస్తాను.

పేరున్న బొమ్మలకు ధర ఎందుకు ఎక్కువ అని అందరూ అడుగుతారు. బయటినుంచి వచ్చే బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఆ బరువంతా ధరలోకే వస్తుంది.

సగం ధర దాంట్లో నేను చూసే లోపం డార్టు మూతి. మంచి డార్టుకు మూతి మెత్తగా ఉంటుంది, లోపల బోలుగా ఉంటుంది, గోటితో నొక్కితే లోపలికి పోతుంది, లాగినా ఊడదు. నాసిరకం దానికి మూతి గట్టిగా ఉంటుంది, జిగురు సరిగ్గా పట్టదు. మూతి ఊడిందంటే ఇంట్లో మీ చిన్న బాబు నోట్లోకి పోయే సైజు ముక్క అది. కాబట్టి విడి డార్టులు కొనేటప్పుడు కూడా ప్యాకెట్ విప్పించి రెండు డార్టులు లాగి చూడండి.

హుజూరాబాద్ తాత, హుజూరాబాద్

అమ్మా, మీరు కొనుక్కోవద్దని చెప్పడానికి రాయడం లేదు. నాకు అరవై దాటాయి, నా మనవడూ ఇదే అడుగుతున్నాడు కాబట్టి రాస్తున్నాను.

ఎనభైలు, తొంభైల్లో మన జిల్లాల పల్లెల్లో బతికినవాళ్ళకు తుపాకీ ఆట వస్తువు కాదు. రాత్రిపూట ఊళ్ళో కుక్కలు మొరిగితే, తలుపు చప్పుడైతే, వచ్చింది నక్సలైట్ అన్నలో పోలీసులో తెలియక ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టుకొని కూర్చునేవాళ్ళం. మనవడు సంబురంగా బొమ్మ తుపాకీ తెచ్చి నా ఛాతీ వైపు పెడితే నేను వాడితో కలిసి నవ్వలేను. వాడికి ఆ కాలం తెలియదు. తెలియనందుకు నాకు సంతోషమే. కానీ మనిషి మీద గురిపెట్టడం అలవాటు కావొద్దని నా మనసులో గట్టిగా ఉంది. డబ్బాలు కొట్టనివ్వండి, పేపరు గ్లాసులు కొట్టనివ్వండి. మనుషులను వద్దు.

కాజీపేట నాన్న, కాజీపేట

పెద్దనాయనా, మీ మాట చదివాక వెంటనే జవాబు రాయలేకపోయాను. మా బాపు కూడా ఇట్లాగే అంటాడు.

నేను చూసింది చెబుతాను. పిల్లలు ఒకరినొకరు తరుముకుంటూ ఆడేటప్పుడు వాళ్ళ మనసులో చంపడం ఉండదు. దొంగా పోలీసు, దాగుడుమూతలు ఎట్లనో ఇదీ అట్లనే ఉంటుంది. తగిలినవాడు గోడ ముట్టి మళ్ళీ వస్తాడు. అయినా మా ఇంట్లో ఒక రూలు పెట్టాం. ఆటలో లేని మనిషి వైపు గన్ తిరగొద్దు. బాపు, అవ్వ, పనమ్మ, పక్కింటివాళ్ళు, కుక్క, పిల్లి ఎవరైనా సరే. తిరిగితే ఆ రోజుకు గన్ లోపలికి. చెప్పి ఊరుకుంటే ఎవరూ వినరు, మొదటిసారి నిజంగా తీసి లోపల పెట్టాకే మా పిల్లలు నమ్మారు.

మంచిర్యాల మేనమామ, మంచిర్యాల

తాతగారి మాటలో ఇంకో మంచి సంగతి ఉంది. గురి కొట్టే ఆటే ఎక్కువ రోజులు నడుస్తుంది. తరుముకునే ఆట రెండు రోజులకు మొహం మొత్తుతుంది. మేం పేపరు గ్లాసులు గోపురంలా పేర్చి కొట్టిస్తాం. పాత అట్టపెట్టెకు మూడు సైజుల్లో రంధ్రాలు కోసి, చిన్న రంధ్రానికి ఎక్కువ మార్కులు. గుమ్మానికి దారం కట్టి పాత సీడీలు వేలాడదీస్తే తగిలినప్పుడు గిరగిరా తిరుగుతాయి, పిల్లలకు అది ఎంతకీ తనివి తీరదు. మా మేనకోడలు గురి మా అందరికన్నా మంచిది. ఆడపిల్లకు ఇదెందుకని మా బంధువుల్లో కొందరు అన్నారు. పట్టించుకోకండి, 8 ఏళ్ళ పాపకు తప్పకుండా కొనండి.

సిరిసిల్ల టీచరమ్మ, సిరిసిల్ల

ఐదేళ్ళ బాబు గురించి ఎవరూ చెప్పలేదు. నేను చిన్న తరగతులకు చెబుతాను కాబట్టి చెబుతున్నాను. ఐదేళ్ళకు డార్టు గన్ వద్దు. వేళ్ళ బలం చాలదు, ముఖం మీదికి కొట్టొద్దు అన్న మాట ఆట వేడిలో గుర్తుండదు. ఎలీట్ జూనియర్ అని తేలికగా లాగగలిగేవి నెర్ఫ్ చేసింది, వాటికి కూడా 6 ఏళ్ళు దాటాలి.

అలాగని పెద్ద పిల్లల చేతిలో కొత్త బొమ్మలు, వాడి చేతిలో ఏమీ లేకుండా ఉంటే వాడి ఏడుపు చూడలేం. కాలితో తొక్కితే గాలికి పైకి లేచే నురుగు రాకెట్లు దొరుకుతాయి, మైదానంలో ఆడుకోవడానికి చాలా బాగుంటాయి. తొక్కేటప్పుడు రాకెట్ మీదికి వంగి చూడకుండా ఒక పెద్దమనిషి పక్కన ఉండాలి. లేదా మెత్తటి నురుగు బంతి ఇవ్వండి. అసలు నెర్ఫ్ మొదలైందే బంతితో. 1970లో అమెరికాలో ఇంట్లో ఆడుకోవడానికి నాలుగు అంగుళాల నురుగు బంతిగా వచ్చింది. డార్టులు కొట్టే గన్నులు తొంభైల్లో వచ్చాయి.

ఇంకా ఒక మాట. దుకాణం అన్న ఐఎస్ఐ గురించి చెప్పారు కదా. నిర్మల్ కొయ్య బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి ఆ ఐఎస్ఐ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. గుర్తు లేదని వాటిని నకిలీ అనుకోకండి. పొనికి కర్రతో చేసే తేలికైన బొమ్మలు అవి. నేనైతే ప్రతి దసరాకూ మా ఇంటి పిల్లలకు ఒక ప్లాస్టిక్ బొమ్మతో పాటు ఒక నిర్మల్ బొమ్మ ఇస్తాను. ప్లాస్టిక్‌ది ఆడుకొని విరగ్గొడతారు. కొయ్య గుర్రం మాత్రం ఇంకా షోకేసులో ఉంది.

కోరుట్ల నాన్న, దుబాయ్

నేను దుబాయిలో పనిచేస్తున్నాను, మాది కోరుట్ల దగ్గర. మా బాబుకు 9 ఏళ్ళు. ఈసారి పండక్కి ఇంటికి పోతున్నాను, చాలా రోజుల తర్వాత. వాడు నాన్నా గన్ తే అన్నాడు. ఇక్కడ షాపుల్లో చిన్న నీళ్ళ గోళీలు కొట్టే గన్ చూశాను, జెల్ బ్లాస్టర్ అన్నారు. ధర తక్కువ, వేల గోళీలు వస్తాయి. అది తేవాలా, డార్టులది తేవాలా? వాడు నన్ను వీడియోలో చూడడమే తప్ప పక్కన కూర్చొని ఆడింది తక్కువ. అందుకే తప్పుగా ఏదీ తీసుకుపోవద్దని అడుగుతున్నాను.

కంటి దవాఖాన అక్క, వరంగల్

తమ్మీ, జెల్ గన్ వద్దు. ఆ గోళీలు ఎండినప్పుడు ఆవగింజంత ఉంటాయి, నీళ్ళు తగిలితే ఎన్నో రెట్లు ఉబ్బుతాయి. ఇంట్లో చిన్న పిల్లలు ఎవరైనా మింగితే కడుపులో ఉబ్బి పేగుకు అడ్డం పడతాయి. ఎక్స్‌రేలో సరిగ్గా కనబడవు కూడా, డాక్టరుకు కనిపెట్టడం కష్టం. కంటికి తగిలే ప్రమాదం ఉండనే ఉంది. పైగా కొట్టిన గోళీని ఏరలేం, మట్టిలో, మంచం కింద ఎక్కడంటే అక్కడ మిగిలిపోతాయి. డార్టుది తీసుకురా, దాంతో పాటు రెండు జతల సేఫ్టీ గ్లాసులు. ఒకటి వాడికి, ఒకటి నీకు.

మంచిర్యాల మేనమామ, మంచిర్యాల

అన్నా, రెండు తీసుకో. ఒకటి నువ్వు పట్టుకోవాలి కదా. ఎలీట్ సైజు డార్టుల విడి ప్యాకెట్ ఒకటి అక్కడే తీసుకుంటే కోరుట్లలో వెతికే పని ఉండదు. చేతి సంచిలో పెట్టుకోకు, తుపాకీ ఆకారంలో ఉన్న బొమ్మను భద్రతా తనిఖీ దగ్గర ఆపుతారు. లగేజీలో వేసే పెద్ద బ్యాగులో పెట్టు. నీలం, నారింజ లాంటి రంగులది చూడు. నల్లరంగు వేసి నిజం తుపాకీలా చేసినవి తీసుకోకు, వాటిని పట్టుకొని పిల్లలు రోడ్డు మీదికి పోతే చూసినవాళ్ళు భయపడతారు.

కోరుట్ల నాన్న, దుబాయ్

సరే అన్నా, సరే అక్కా. రెండు ఎలీట్ 2.0, రెండు గ్లాసులు, ఒక డార్టుల ప్యాకెట్ తీసుకున్నాను. డబ్బాలు తీసేసి బట్టల మధ్యలో సర్దాను. డబ్బా ఉండకపోతే పర్వాలేదు కదా?

బొమ్మల దుకాణం, కరీంనగర్

పర్వాలేదు, కానీ డబ్బాలోని కాగితం పారేయొద్దు. డార్టు ఇరుక్కుంటే ఏ మూత ఎట్లా తీయాలో బొమ్మలు వేసి ఉంటుంది. పెన్సిలో, చీపురు పుల్లో మూతిలో పెట్టి పొడిస్తే లోపలి భాగం విరుగుతుంది. మా దగ్గరికి వాపసు వచ్చే వాటిలో ఎక్కువ ఇట్లా పాడైనవే.

నయీంనగర్ మేనత్త, హన్మకొండ

సెలవులు అయిపోయాయి, పిల్లలు నిన్న వెళ్ళారు. మీరందరూ ఇంత శ్రద్ధగా చెప్పారు కాబట్టి ఎట్లా జరిగిందో రాయడం నా బాధ్యత.

ఇద్దరికీ డ్రమ్ము తిరిగే స్ప్రింగువే తీసుకున్నాను, ఒకే మోడల్. పాపతో దుకాణంలోనే లాగించాను. ముందు చూసిన ఒకటి లాగలేకపోయింది, అందుకే అది పక్కన పెట్టాం. చిన్నోడికి తొక్కే రాకెట్. యాప్‌లో నంబరు కొట్టి చూసే తీసుకున్నాం. మూడు వేలకు కొంచెం పైన అయింది, గ్లాసులతో కలిపి.

నేను అనుకున్నదానికన్నా రాకెట్‌కే ఎక్కువ గిరాకీ వచ్చింది. పెద్ద పిల్లలు గన్నులు వదిలేసి దాని దగ్గర లైను కట్టారు. గన్నులతో పొద్దున డాబా మీద తరుముకునే ఆట, మధ్యాహ్నం ఎండలో లోపల పేపరు గ్లాసులు కొట్టే ఆట. సీడీలు కట్టాం, మేనమామ చెప్పింది నిజం, అది పట్టుకుంటే ఎవరూ వదల్లేదు. పాప మార్కులు నోటుబుక్కులో రాసిపెట్టింది, సార్ చెప్పిన జానెడున్నర సంగతి కూడా అందులో రాసుకుంది.

సేఫ్టీ గ్లాసుల దగ్గర రెండు రోజులు గొడవైంది. ఉక్కపోస్తోందని అన్నయ్య కొడుకు తీసేసేవాడు. తీస్తే గన్ నా చేతికి ఇవ్వాలన్నాం, తర్వాత అలవాటైంది. సద్దుల బతుకమ్మ రోజు ఇంట్లో పూలు, తాంబాళాలు పరిచి ఉంటాయి కాబట్టి పొద్దున్నుంచే గన్నులు తీయలేదు. తాతగారి మాట నా మనసులో ఉండింది. దసరా నాడు జమ్మి పెట్టడానికి పోయినప్పుడు పాండవులు జమ్మి చెట్టు మీద ఆయుధాలు దాచిన కథ మా మామయ్యతో చెప్పించాను. పాప ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే రెండు గన్నులూ బీరువా పైన పెట్టేది, అదే జమ్మి చెట్టట. చిన్న బాబుకు అందని చోటు కూడా అదే అయింది. డార్టులు మాత్రం రోజూ లెక్కపెట్టి సంచిలో వేయించాను. ఒక రోజు రెండు తగ్గాయి, సోఫా కింద దొరికేదాకా బాబును కింద వదల్లేదు.

హుజూరాబాద్ తాత, హుజూరాబాద్

సంతోషం తల్లీ. నా మనవడికి నేనూ ఒకటి కొనిచ్చాను. ఇంటి వెనక అరుగు మీద డబ్బాలు పేర్చి కొడుతున్నాం. నాకు కూడా కొట్టడం నేర్పాడు.

రామగుండం కొత్త సభ్యుడు, గోదావరిఖని

చర్చ మొత్తం చదివాను. మా వాడికి 12 ఏళ్ళు, ఎవరో బంధువులు మోటారు గన్ ఇచ్చారు. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు వేస్తే చక్రాల చప్పుడు వస్తోంది కానీ డార్టు మూడు అడుగులు కూడా పోవడం లేదు. పాడైందా?

కాజీపేట నాన్న, కాజీపేట

బహుశా పాడవలేదు అన్నా, బ్యాటరీలు చూడండి. టీవీ రిమోట్‌కు వేసే చవక బ్యాటరీలు ఈ మోటారుకు కావలసినంత కరెంటు ఇవ్వలేవు. ఆల్కలైన్ అని రాసి ఉన్నవి నాలుగు, నాలుగూ కొత్తవే వేయండి, పాతవి కలపొద్దు. ట్రిగ్గర్ నొక్కే ముందు చక్రాలు పూర్తి వేగం అందుకునేదాకా ఒక్క క్షణం ఆగమనండి. అప్పటికీ పోకపోతే డార్టులు చూడండి, నలిగి సన్నబడ్డ డార్టును చక్రాలు పట్టుకోలేవు. ఆట అయ్యాక బ్యాటరీలు తీసి పెట్టండి, లోపల కారితే స్ప్రింగులకు తుప్పు పడుతుంది.

రామగుండం కొత్త సభ్యుడు, గోదావరిఖని

ఆల్కలైన్ వేశాను, ఇప్పుడు హాలు ఆ చివరి గోడకు తగులుతోంది. గ్లాసులు రేపు తెస్తాను, అప్పటిదాకా గన్ నా దగ్గరే ఉంటుంది.